వానాకాలం వాగు పని: పొద్దున చూసిన లోతును నమ్మి తిరిగి దాటకండి

గత వారం మా బృందంలోని ఒక కుర్రాడు వాగులో కొట్టుకుపోయాడు. బతికాడు. రెండు వందల మీటర్ల దిగువన ఒక చెట్టు కొమ్మ దొరికింది, పట్టుకుని వేలాడాడు. చెయ్యి విరిగింది. పొద్దున మోకాలి కింద దాకే ఉన్న నీళ్లలో నడిచి అవతలి ఒడ్డుకు వెళ్లాడు. మొక్కలు చూసుకున్నాడు, శాంపిళ్లు తీశాడు, మూడు నాలుగు గంటల తర్వాత అదే చోట తిరిగి దాటబోయాడు. మేమున్న చోట ఆ రోజంతా ఒక్క చినుకు పడలేదు. కట్టు కట్టించి ఇంటికి తీసుకొస్తుంటే దారంతా ఒకే మాట అన్నాడు: "అక్కా, పొద్దున ఇక్కడ మోకాలి కిందే ఉంది కదా."

వాగుల సంరక్షణ పనిలో ఇలాంటివి నేను కళ్లారా చూసినవి మూడు. మూడూ తిరుగు దారిలోనే జరిగాయి. పోయేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. కర్రతో లోతు చూస్తారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. వచ్చేటప్పుడు మాత్రం, దాటిన వాగే కదా అని నేరుగా దిగేస్తారు. ఈ సీజన్‌లో కొత్తగా చేరినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఈత రానివాళ్లు దిగొద్దు, చెప్పులతో రావద్దు లాంటివి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను.

తిరుగు దారిలో ఏం మారుతుంది

మనం పనిచేసేదే పరీవాహక ప్రాంతం మీద. ఎక్కడో ఎగువన కురిసిన వాన పిల్ల వాగుల్లో చేరి, అవి పెద్ద వాగులో కలిసి, మన కాళ్ల దగ్గరికి వచ్చేసరికి గంటలు పట్టవచ్చు. అప్పటికి ఎగువన కూడా ఎండ కాస్తుండవచ్చు. నిన్నటి వానకు నేల తడిసి ఉంటే ఇవాళ్టి వానను అది పీల్చుకోలేదు, నీళ్లు ఇంకా త్వరగా, ఇంకా ఎక్కువగా దిగుతాయి. తలెత్తి ఆకాశం చూసి వాగును అంచనా వేయకండి. మీ తల మీద ఉన్న ఆకాశం వాగుకు సంబంధించింది కాదు.

1997 ఆగస్టు 12న అమెరికాలోని అరిజోనాలో ఆంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయలో 11 మంది పర్యాటకులు చనిపోయారు. వాళ్లున్న చోట వాన పడింది అంతంత మాత్రమే. కిలోమీటర్ల ఎగువన కురిసిన వాన నీరు లోయలోకి దూసుకొచ్చింది. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. అక్కడ వాన కూడా కారణం కాదు, ఎగువన ఉన్న డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు. వాళ్లు నదిలోకి దిగినప్పుడు అది ప్రశాంతంగానే ఉంది. కాబట్టి మీ వాగు మీద ఎగువన డ్యామ్ కానీ, చెరువు తూము కానీ ఉంటే గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ముందే కనుక్కోండి. సమాధానం దొరక్కపోతే ఆ రోజు నీళ్లలో పని పెట్టుకోవద్దు.

ఇప్పుడు చిన్న లెక్క. దయచేసి దాటేయకుండా చదవండి.

పది మీటర్ల దూరం కొలిచి, నీళ్లలో ఒక ఆకు వేసి, ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి. పది సెకన్లు పడితే వేగం సెకనుకు ఒక మీటరు. పైన తేలే ఆకు సాధారణంగా లోపలి నీళ్ల కన్నా కాస్త వేగంగానే పోతుంది, అందువల్ల ఈ లెక్క తప్పినా మన మంచికే తప్పుతుంది. ఆ వేగాన్ని మీటర్లలో లోతుతో గుణించండి. నీటి ప్రవాహాలు కొలిచే శిక్షణ ఉన్న ఉద్యోగులు కూడా ఆ సంఖ్య 0.9 దాకా వస్తే దిగరు. మేం కొత్తవాళ్లను అందులో సగం దగ్గరే ఆపేస్తాం.

పొద్దున లోతు 0.4 మీటర్లు, వేగం 0.6 అనుకుందాం. గుణిస్తే 0.24. మధ్యాహ్నానికి లోతు 0.7 అయింది, వేగం 1.5 అయింది. గుణిస్తే 1.05. లోతు రెట్టింపు కూడా కాలేదు. చూసేవాడికి "కాస్త పెరిగింది" అనిపిస్తుంది, అంతే. కానీ నీటి తోపుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. ఈ లెక్కలో పొద్దున మీ కాళ్ల మీద ఉన్న తోపుడు కన్నా మధ్యాహ్నం తోపుడు పదింతలకు పైనే. మా కుర్రాడి కంటికి కనిపించింది "కాస్త పెరిగింది" మాత్రమే. పదింతలు కంటికి కనపడవు, నడి వాగులోకి వెళ్లాక కాళ్లకు తెలుస్తాయి.

అందుకే ఒక గుర్తు పెట్టుకోండి. దిగే ముందు నీటి అంచున కదలని రాయి మీద సుద్దముక్కతో గీత గీయండి, లేదా ఒక పుల్ల గుచ్చండి. అవతలి ఒడ్డున కూడా అలాంటిదే ఒకటి. తిరిగి వచ్చినప్పుడు ముందు ఆ గుర్తు చూడండి. నాలుగు వేళ్ల మేర మునిగిందంటే దాటొద్దు. గుర్తు కనపడకపోతే అసలు దాటొద్దు. పొద్దున లోతు పొద్దున్నే అయిపోయింది.

పనిని ఎలా సర్దుకోవాలి

అవతలి ఒడ్డు పని ముందు పెట్టుకోండి, ఇవతలి ఒడ్డు పని తర్వాత. చాలామంది దారి పక్కన పని పూర్తి చేసుకుని, భోంచేసి, మధ్యాహ్నం వాగు దాటుతారు. దాంతో తిరుగు ప్రయాణం సాయంత్రానికి పడుతుంది. అప్పటికి ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, వెలుతురు తగ్గుతుంటుంది, ఎగువన మధ్యాహ్నం పడిన వాన నీరు వచ్చే వేళ కూడా చాలాసార్లు అదే. పొద్దున్నే వెళ్లి పొద్దున్నే వచ్చేయండి. వంతెన మీద నుంచి తాడు కట్టిన బకెట్‌తో శాంపిల్ తీయగలిగితే వాగులో దిగనే వద్దు.

అవతలికి వెళ్లే ప్రతి ఒక్కరి సంచిలో ఆ రాత్రి అక్కడే ఉండాల్సి వస్తే కావలసినవి ఉండాలి. పొడి బట్టలు, టార్చి, తినడానికేమైనా, తాగే నీళ్లు, ఛార్జింగ్ ఉన్న పవర్ బ్యాంక్. ఇవి ఉన్నవాళ్లు ఆగుతారు. లేనివాళ్లు దిగుతారు. నేను చూసిన ముగ్గురి దగ్గరా టార్చి లేదు.

ఇంకో కారణం శాంపిల్ సీసా. బ్యాక్టీరియా పరీక్షకు తీసిన నీళ్లు సాధారణంగా 6 గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. ఆ టెన్షన్‌లో దిగుతారు. పారబోయండి. మళ్లీ తీసుకుందాం. శాంపిల్ పాడైందని ఎవరైనా మిమ్మల్ని తిడితే ఆ తిట్లు నా దగ్గరికి పంపండి.

నీళ్లలో పడిపోతే

వెల్లకిలా తిరగండి. కాళ్లు దిగువ వైపు, కాలి వేళ్లు నీటి పైకి కనపడేలా. లేచి నిలబడే ప్రయత్నం చేయొద్దు. పారే నీళ్లలో నిలబడబోతే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, వెనక నుంచి నీళ్లు ముందుకు పడేస్తాయి, తొడ లోతు నీళ్లలోనే మనిషి మునిగిపోతాడు. నడుము కింద నేల తగిలేదాకా అలాగే తేలుతూ, చేతులతో ఒడ్డు వైపు ఏటవాలుగా ఈదండి. అడ్డంగా పడిన చెట్టు ఎదురైతే మాత్రం పద్ధతి మారుతుంది. కొమ్మల సందుల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి పోడు, అక్కడే నొక్కుకుపోతాడు. కాబట్టి బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి, గట్టిగా ఈది చెట్టు పైకి ఎగబాకాలి.

దాటే ముందే సంచి నడుము బెల్టు, ఛాతీ పట్టీ విప్పేయండి. నడుముకు తాడు కట్టుకోవద్దు. ప్రవాహంలో పడ్డాక ఆ తాడే మిమ్మల్ని నీటి కిందికి లాగుతుంది. ఒడ్డున ఉన్నవాళ్లు తాడు విసరాలి, కర్ర అందించాలి. దూకకూడదు. దూకితే ఇద్దరి కోసం వెతకాలి.

మిగతావి వరుసగా రాసేస్తున్నాను, విడదీసి సర్దే ఓపిక లేదు.

- నీళ్లు టీ రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా ఎక్కువైనా, అడుగున రాళ్లు దొర్లే శబ్దం వినిపించినా వెంటనే గట్టెక్కండి. ఫొటో తీయకండి. సామాను వదిలేయండి.
- వాగు ఉన్నట్టుండి తగ్గినా గట్టెక్కండి. ఎగువన చెట్లో మట్టో అడ్డుపడి నీళ్లు ఆగి ఉండవచ్చు. ఆ అడ్డు తెగితే అన్నీ ఒకేసారి వస్తాయి.
- వరద తగ్గుతున్నప్పుడే ఒడ్లు ఎక్కువగా కూలుతాయి. నానిన మట్టికి అప్పటిదాకా నీళ్లు ఆసరాగా ఉంటాయి, ఆ ఆసరా పోతుంది. అంచుకు సమాంతరంగా బీట కనిపిస్తే దాన్ని దాటి నీళ్లకు దూరంగా ఉన్న వైపుకు వచ్చేయండి. మొక్కల లెక్క మర్నాడు చూసుకోవచ్చు.
- చెక్ డ్యామ్ పొంగుతున్నప్పుడు దాని కింద దిగొద్దు, దాని మీద నడవొద్దు. ఎత్తు తక్కువే కదా అనిపిస్తుంది. కింద నీళ్లు వెనక్కి సుడి తిరిగి మనిషిని మళ్లీ మళ్లీ గోడ దగ్గరికే లాగుతాయి. లైఫ్ జాకెట్ ఉన్నా సరే.
- కల్వర్టు నోట్లో ఇరుక్కున్న చెత్తను నీళ్లు పారుతుండగా దిగి తీయొద్దు. చెత్త కదిలిన క్షణంలో నీళ్లు మనిషిని లోపలికి లాగేస్తాయి. గట్టు మీద నుంచి పొడవాటి కొక్కెంతో, లేదా నీళ్లు తగ్గాక.
- నడుము పైదాకా వచ్చే రబ్బరు సూటు వేసుకుంటే బెల్టు బిగించాల్సిందే.
- ఒక్కరే వెళ్లొద్దు.
- ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి ఫోన్ చేస్తారో ఒకరికి చెప్పి వెళ్లండి. ఆ టైము దాటితే వాళ్లు ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి.
- పొద్దున లోతు పొద్దున్నే. కర్రతో మళ్లీ చూడండి. ఆకు మళ్లీ వేయండి.
- మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే నీళ్లలోంచి, చెట్ల కిందనుంచి బయటికి వచ్చి పక్కా భవనంలోకో కారులోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.
- చెత్త ఏరేటప్పుడు మందపాటి గ్లవ్స్. చేతితో సంచిని అదమొద్దు, సిరంజీలూ గాజుముక్కలూ ఉంటాయి.
- మూత బిగించిన డబ్బాలు, డ్రమ్ములు తీయొద్దు, వాసన చూడొద్దు.
- చేపలు గుంపుగా చచ్చి తేలితే నీళ్లలో కాలు పెట్టొద్దు. దూరం నుంచి ఫొటో తీసి చెప్పండి.
- కొన్ని శాంపిల్ సీసాల్లో ముందే యాసిడ్ పోసి ఉంటుంది. వాటిని కడగొద్దు, మొహం దగ్గర తెరవొద్దు.
- కాళ్లకు పుండు ఉంటే, గీరుకుపోయి ఉంటే నీళ్లలో దిగొద్దు. ఎలుకల, పశువుల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ గాయాల గుండా ఎక్కుతుంది. వాగులో పనిచేసిన తర్వాత, ఎక్కువగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు వస్తే డాక్టరుకు "వాగు నీళ్లలో పనిచేశాను" అని మీరే చెప్పండి. ఆయన అడక్కపోవచ్చు.
- వరద తెచ్చిన కట్టెల కుప్పల్లో చెయ్యి పెట్టొద్దు, పాములుంటాయి. ముందు కర్రతో కదపండి. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి.
- ఒక వాగు నుంచి ఇంకో వాగుకు వెళ్లేటప్పుడు బూట్లు, వలలు కడిగి ఎండబెట్టండి. గుర్రపుడెక్క లాంటివి అలాగే పాకుతాయి.
- వాలంటీర్లను, పిల్లలను అవతలి ఒడ్డుకు తీసుకెళ్లొద్దు. ఎంత తక్కువ నీళ్లున్నా, ఎవరడిగినా.
- చీకట్లో దాటొద్దు.
- ట్రాక్టరు వస్తోంది కదా, ఎక్కి దాటేద్దాం అనొద్దు. 60 సెంటీమీటర్ల పారే నీళ్లు చాలా బండ్లను తోసుకుపోతాయి.
- ఎవరో దాటారని మీరు దాటొద్దు. వాళ్లు దాటింది అరగంట కిందటి వాగు.
- తిరిగి వచ్చేటప్పుడు గీత మునిగి ఉంటే ఆగండి. చిన్న వాగులు కొన్ని గంటల్లోనే తగ్గుతాయి. గట్టెక్కి, ఎత్తయిన చోట కూర్చుని నాకు ఫోన్ చేయండి. రాత్రి ఎన్ని గంటలైనా ఎత్తుతాను. ఇంట్లోవాళ్లకు నేను చెప్తాను. నీళ్లు తగ్గాక మేమే వచ్చి తీసుకెళ్తాం.