బయటి ఫిల్టర్ వేశాక ఆయిల్ లైట్ సతాయిస్తోందా?

పొద్దున్నే సెల్ఫ్ కొడితే కారు స్టార్టయింది గానీ, ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా అలాగే వెలుగుతోంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. నాలుగుకి ఆరింది. ఆ నాలుగు సెకన్లూ ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డులోంచి టకటకమని చప్పుడు. వారం కిందటే సర్వీసు అయింది, వేసిన ఫిల్టర్ కంపెనీది కాదు. మధురవాడలో మా సెల్లార్లో పక్కన బండి పెట్టే పెద్దాయన చూసి, "బయటి ఫిల్టర్ ఆయిల్‌ని ఆపేస్తుంది బాబూ, ఇంజిన్ పోద్ది" అన్నారు. ఇక టెన్షన్ మొదలు.

ఆయన అన్నదాంట్లో సగమే నిజం. ఆయిల్ పంపు ఒక్కో చుట్టుకి ఇంత ఆయిల్ అని లెక్కగా తోస్తుంది. ఫిల్టర్ కాగితం కాస్త అడ్డుపడితే పంపు మరింత ఒత్తిడితో నెడుతుంది. కాగితం బాగా పూడిపోతే బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. ఇది చాలా బళ్లలో ఫిల్టర్‌లోనే ఉంటుంది, కొన్నిటిలో ఇంజిన్‌లో. ఫిల్టర్‌కి అటూ ఇటూ ఒత్తిడి తేడా సుమారు 8 నుంచి 22 పీఎస్ఐ దాటితే (పీఎస్ఐ అంటే ఒత్తిడి కొలిచే లెక్క, అంకె బండిని బట్టి మారుతుంది) ఆయిల్ వడకట్టకుండానే ఇంజిన్‌లో తిరిగే భాగాల్ని మోసే బేరింగులకి వెళ్తుంది. మురికి ఆయిల్ అయినా సరే, అసలు లేకపోవడం కన్నా నయమని ఆ ఏర్పాటు.

ఫిల్టర్ అడ్డు నిజంగా లెక్కలోకి వచ్చేది ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు. జనవరి తెల్లవారుజామున లంబసింగిలో బండి స్టార్ట్ చేసి వెంటనే రేస్ ఇచ్చారనుకోండి, ఒత్తిడి మితిమీరి పంపు దగ్గరి రిలీఫ్ వాల్వు తెరుచుకుని కొంత ఆయిల్ ఇంజిన్‌కి వెళ్లకుండానే వెనక్కి తిరిగిపోతుంది. విశాఖలో ఆ చలి ఎక్కడిది?

మరి నా బండికి వచ్చిందేమిటి? లక్షణాన్ని బట్టి చూద్దాం.

రాత్రంతా ఆగాక మొదటి స్టార్ట్‌లోనే లైట్ ఆలస్యంగా ఆరుతోంది, పగలు మామూలే

ఇది ఫిల్టర్ తప్పే, కానీ కాగితానిది కాదు. ఫిల్టర్ మూతి దగ్గర చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల వెనక పల్చటి రబ్బరు బిళ్ల ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఆపాక ఆయిల్ కిందున్న చాంబర్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జారిపోకుండా పట్టి ఉంచే వాల్వు అది. రబ్బరు గట్టిపడినా, సరిగ్గా కూర్చోకపోయినా రాత్రికి రాత్రే ఫిల్టర్ ఖాళీ. పొద్దున పంపు ముందు దాన్ని నింపుకుని, ఆ తర్వాతే బేరింగులకి ఆయిల్ పంపాలి. నా నాలుగు సెకన్లూ అందుకే పట్టాయి.

ఫిల్టర్ మూతి పైకి ఉండి నిలువుగా వేలాడే బళ్లలో ఆయిల్ దానంతటదే లోపల నిలుస్తుంది, కాబట్టి ఈ అనుమానం అక్కర్లేదు. అడ్డంగానో తలకిందులుగానో బిగించే బళ్లకే ఈ గొడవ. నాది అడ్డంగా ఉండే రకం. రెండు గంటలు ఆపి స్టార్ట్ చేస్తే లైట్ టక్కున ఆరింది, రాత్రంతా ఆపితే మళ్లీ నాలుగు సెకన్లు. రోగం ఇదేనని తేలడానికి ఈ తేడా చాలు.

మందు కొత్త ఫిల్టరే. కొనేటప్పుడు షాపాయన్ని అడిగి, శుభ్రమైన వేలితోనో పెన్ను మొద్దు చివరతోనో ఆ రంధ్రంలోంచి రబ్బరుని మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా లొంగి, వెంటనే వెనక్కి రావాలి. సిలికాన్ రబ్బరు వేడికి త్వరగా గట్టిపడదు, మామూలు నల్ల నైట్రైల్ రబ్బరు గట్టిపడుతుంది. బయటిదా కంపెనీదా అని చూడకండి, అసలుదా డూప్లికేటా అని చూడండి. కార్ల కంపెనీలు తమ పేరుతో అమ్మే ఫిల్టర్లలో చాలావరకు ఫిల్టర్ తయారీదారులు చేసిచ్చినవే.

పాతదాన్ని గాజువాక ఆటోనగర్‌లో ఒక మెకానిక్ బాబాయ్ చేత కోయించాను. ఆయన హాక్సా బ్లేడు పట్టుకోబోతే వద్దన్నాను. ఆ రజను కాగితంలో పడితే ఇంజిన్ లోహమేమోనని మళ్లీ కంగారు పడాలి. పైపు కట్టరు లాంటిదానితో అంచు తిప్పి తీశారు. లోపల కాగితపు మడతలు ఒకచోట దగ్గరగా, ఇంకోచోట ఎడంగా ఉన్నాయి, జిగురు ఒక పక్క పెళుసుగా లేచింది. రబ్బరు బిళ్లని వంచితే గోరు వంచినట్టుంది. "ఏటి బాబూ ఇది, ప్లాస్టిక్కా?" అన్నారాయన.

ఇంజిన్ బాగా వేడెక్కాక, సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదిలి స్లోలో ఉంటే లైట్ మిణుకుమంటోంది

మే నెలలో విశాఖ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు వచ్చే రకం. దీనికి ఫిల్టర్‌ని తిట్టడం అన్యాయం. స్లోలో పంపు తోసే ఆయిల్ తక్కువ, వేడికి ఆయిల్ పల్చన, కాబట్టి కాగితం దగ్గర పడే అడ్డు నామమాత్రం.

ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) చూడండి. ఆయిల్ తగ్గిందా? పెట్రోల్ వాసన వస్తోందా? సర్వీసులో చెప్పిన గ్రేడు కాకుండా పల్చటిది పోశారా? అవన్నీ సరిగ్గా ఉంటే, ఆ లైట్‌ని వెలిగించే ప్రెజర్ స్విచ్ విప్పించి ఆ చోట గేజ్ బిగించమనండి. అసలు ప్రెజర్ ఎంతో అప్పుడే తెలుస్తుంది. 1000 ఆర్‌పీఎమ్‌కి (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 10 పీఎస్ఐ అన్నది పాత మోటు లెక్క. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చండి. గేజ్ బాగుంటే స్విచ్చో దాని వైరో పోయినట్టు. నిజంగానే తక్కువైతే చాంబర్ దింపి, పంపు ఆయిల్ పీల్చే జాలీకి మడ్డి పట్టిందేమో చూడాలి. అదీ కాకపోతే పంపు, బేరింగుల అరుగుదల. ఖర్చు అక్కడే.

ఒక హెచ్చరిక. చాలా బళ్లలో ఆ స్విచ్ సుమారు 4 నుంచి 7 పీఎస్ఐ మధ్యే పనిచేస్తుంది. అంటే నడుస్తుండగా లైట్ వెలిగిందంటే ప్రెజర్ అప్పటికే దాదాపు పోయినట్టు. పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. "షెడ్ దగ్గరే కదా" అని నడిపించొద్దు.

ఫిల్టర్ మార్చిన రోజే కింద ఆయిల్ కారుతోంది

ముందు అనుమానించాల్సింది, పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయి, దానిమీద కొత్తది కూర్చోవడం. అప్పుడప్పుడు చుక్కలతో ఆగదు, ఉన్నట్టుండి ధారగా పోతుంది. ఫిల్టర్ విప్పి రెండు రింగులున్నాయేమో చూసి, ఆ చోటు గుడ్డతో తుడిచి, కొత్త రింగుకి ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. రింగు తగిలాక సాధారణంగా ముప్పావు చుట్టు చాలు, ఫిల్టర్ మీద రాసి ఉంటే అదే లెక్క. స్పానర్ అక్కర్లేదు.

ఏ లక్షణమూ లేదు, కానీ ఫిల్టర్ మీద నమ్మకం లేదు

డూప్లికేట్ ఫిల్టర్‌లో బైపాస్ స్ప్రింగు బలహీనంగా ఉంటే లైట్ వెలగదు, చప్పుడు రాదు. మురికి ఆయిల్ నెలల తరబడి ఇంజిన్ చుట్టూ తిరుగుతుంది. నాకు అసలు భయం ఇదే. తర్వాతి సర్వీసులో పాతదాన్ని కోయించి, మడతలు విప్పి అయస్కాంతం తిప్పి చూడండి. డీజిల్ బండిలో ఆయిల్ త్వరగా నల్లబడితే మాత్రం కంగారు పడకండి, అది మసి.

బైకుల సంగతి ఒక్క మాట. స్ప్లెండర్ లాంటి బళ్లలో కాగితం ఫిల్టరే లేదు, జాలీ, తిరిగే కప్పు ఉంటాయి. కాగితం ఫిల్టర్ ఉన్న కొన్ని బైకుల్లో దాని ఒక పక్క "అవుట్‌సైడ్" అని రాసి ఉంటుంది. దాన్ని తిప్పి పెడితే ఆయిల్ దారి నిజంగానే మూసుకుపోతుంది, అది కంపెనీ ఫిల్టరైనా సరే. మూత బిగించే ముందు ఆ అక్షరాలు బయటికే కనిపిస్తున్నాయా అని మెకానిక్‌ని చూపించమనండి.