నాట్లలోకి దిగేముందు నొప్పి మాత్రల సంగతి

నాట్లు మొదలయ్యాయంటే మా ఊళ్లో ఆడవాళ్ల కొంగుముడిలో డబ్బులతో పాటు నొప్పి మాత్రలూ ఉంటాయి. పొద్దున ఒకటి మింగి మడిలోకి దిగుతారు, రాత్రికి ఇంకొకటి. పని అయ్యేదాకా రోజూ ఇదే వరస. మా అమ్మా ఇలాగే చేసేది. అందుకే ఈసారి ముందే రాస్తున్నాను.

పారాసిటమాల్ ఒక రకం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇంకో రకం. నొప్పితో పాటు వాపు కూడా ఉంటే రెండో రకమే బాగా పనిచేస్తుంది. కానీ అది ఒంట్లో తగ్గించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలే కడుపు లోపలి పొరను కాపాడతాయి, నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూస్తాయి. పొలంలో చాటు ఉండదని ఆడవాళ్లు నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటారు. పైన చెమట. ఆ స్థితిలో పరగడుపున వేసుకున్న మాత్ర కిడ్నీ మీద పడుతుంది. గ్యాస్ మాత్ర కలిపి వేసుకుంటే కడుపుకు కొంత రక్షణ, కిడ్నీకి మాత్రం ఏమీ ఉండదు. సూది వేయించుకుంటే కడుపుకు ఏమీ కాదనుకోవడం కూడా తప్పే, ఆ మందూ రక్తంలోనే కలుస్తుంది.

బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి, నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు, కిడ్నీ, గుండె జబ్బులో అల్సరో ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ఈ రెండో రకం ముట్టుకోవద్దు. మిగతావాళ్లు కూడా అన్నం తిన్నాక, నీళ్లు బాగా తాగుతూ, రెండు మూడు రోజులకే. మోకాలు, మణికట్టు నొప్పికైతే ముందు డైక్లోఫెనాక్ జెల్ రాయండి. రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది.

పారాసిటమాల్‌కీ హద్దుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు, అంటే 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరుకు మించి వద్దు. సన్నగా ఉన్నవాళ్లకు, మద్యం తాగేవాళ్లకు అంత కూడా ఎక్కువే. ఎసిక్లోఫెనాక్ మాత్రల్లో చాలావాటిలో 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అందుకే స్ట్రిప్ వెనక చదివించుకోండి.

వానల్లో జ్వరం వస్తే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి.

తారులా నల్లటి విరేచనం అయినా, మూత్రం బాగా తగ్గినా, కాళ్లు వాచినా నాటు ఆపి ఆసుపత్రికి వెళ్లండి. వాడిన స్ట్రిప్ కూడా తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.