డీజిల్ బండిలో డీపీఎఫ్ లైటు పదే పదే వస్తోందా?

సమస్య: డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ కొని ఏడాది కాలేదు, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు వెలుగుతోంది. మైలేజీ తగ్గింది, బండి ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది. మా బావ బండికి ఇదే జరిగింది. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి వెళ్ళి రావడం, అంతే ఆయన తిరుగుడు.

కారణం: 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఈ ఫిల్టరు ఉంటోంది. అది నిండాక మసిని కాల్చాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ ఏడెనిమిది కిలోమీటర్లు పోయే బండికి ఆ వేడి ఎక్కడ పుడుతుంది? ఒకవేళ కాల్చడం మొదలైనా, ఈలోపు ఆఫీసు వచ్చేస్తుంది, మనం ఇంజన్ ఆపేస్తాం.

పరిష్కారం: లైటు ఇప్పుడిప్పుడే వచ్చిందా, ట్యాంకులో సరిపడా డీజిల్ ఉంచుకుని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. ఒక గేరు తక్కువలో, ఆర్‌పీఎం 2000 పైన ఉండేలా, 20 నిమిషాలు ఆగకుండా నడపండి. లైటు పోకపోయినా, చెక్ ఇంజన్ కూడా తోడైనా ఇక తిప్పకండి, సర్వీస్ సెంటర్లో ఫోర్స్‌డ్ రీజనరేషన్ (మసిని వాళ్ళే కాల్పించడం) చేయించాలి. ఇంజన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూడడం మాత్రం మరచిపోవద్దు: ఆయిల్ మట్టం పెరిగి ఉంటే అందులో డీజిల్ కలిసిందని అర్థం, వెంటనే మార్పించండి, లేదంటే ఇంజనే అరిగిపోతుంది. ఫిల్టరు పీకించేయమని సలహా ఇచ్చేవాళ్ళ మాట వినకండి, పీయూసీ (పొగ పరీక్ష)తోనూ వారంటీతోనూ తంటా.

ఇంకా కొనలేదా? అయితే ముందు లెక్క వేయండి. డీజిల్ బండికి లక్షా ఇరవై వేలు ఎక్కువ పెడుతున్నారనుకుందాం. పెట్రోల్ లీటరు 107, మైలేజీ 13, డీజిల్ 96, మైలేజీ 18 అనుకుంటే కిలోమీటరుకు మిగిలేది మూడు రూపాయల లోపే. అంటే 40 వేల కిలోమీటర్లు దాటితేగానీ ఆ డబ్బు తిరిగి రాదు. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే ఇంటికి అది ఆరేళ్ళ మాట, అంతా సిటీలోనే అయితే ఈ ఫిల్టరు టెన్షన్ అదనం. వాళ్ళు పెట్రోలే కొనాలి, నాకు ఇందులో అనుమానం లేదు.

అదే వారం వారం విజయవాడ వెళ్ళొచ్చేవాళ్ళకు డీజిలే నయం, హైవే మీద ఫిల్టరు తనంతట తనే శుభ్రమైపోతుంది. మా బావ ఇప్పుడు పది రోజులకోసారి గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ మీద వెళ్ళొస్తున్నాడు. లైటు మళ్ళీ రాలేదు.