రిటైరయ్యాక ఊరు మారుతున్నారా? హెల్త్ ఇన్సూరెన్స్ తెగిపోకుండా చూసుకోవడం ఎలా?

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తెనాలిలోనో కరీంనగర్‌లోనో స్థిరంగా ఉన్నవాళ్లు, రిటైరయ్యాక ఒకచోట ఉండటం తగ్గింది. కొన్నాళ్లు హైదరాబాద్‌లో కూతురి దగ్గర, కొన్నాళ్లు బెంగళూరులో కొడుకు దగ్గర, మధ్యలో ఆరు నెలలు అమెరికా. బయల్దేరేముందు పాలు, పేపరు ఆపించి, తాళంచెవి పక్కింట్లో ఇస్తారు. ఇన్సూరెన్స్ పాలసీ మాత్రం పాత అడ్రసుతోనే బీరువాలో ఉండిపోతుంది. అందులో ఏం రాసుందో ఆసుపత్రిలో చేరాకే చూస్తారు.

అన్నిటికంటే ముందు ఒక మాట. పాత పాలసీని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. బీపీ, షుగర్ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో 36 నెలల దాకా వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం, పెట్టొచ్చు. అదే, ఆగకుండా 60 నెలలు నడిచిన పాలసీ అయితే, మోసం చేశారని రుజువు చేస్తే తప్ప, మీరు ఫలానా జబ్బు చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చలేదు. అరవై దాటాక ఆ నెలల్ని మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవడం చాలా పెద్ద నష్టం.

1. మీకున్నది ఏ రకం రక్షణో తేల్చుకోండి

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లయితే సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డు ఆ పథకం ఉన్న ఏ నగరంలోనైనా పనిచేస్తుంది. మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం, రైల్వేవాళ్లకు ఉమీద్ వైద్య కార్డు ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లు మాత్రం తమ హెల్త్ కార్డు రాష్ట్రం దాటితే ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో వెళ్లేముందే కనుక్కోవాలి.

ఎక్కువ భయపడాల్సింది అబ్బాయి కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు. అతను ఉద్యోగం మారినా, ఉద్యోగం పోయినా ఆ రక్షణ అక్కడితో ఆగిపోతుంది. డెబ్బై ఏళ్ల వయసులో అప్పటికప్పుడు కొత్త పాలసీ దొరకడం తేలిక కాదు. గ్రూప్ పాలసీ ఉన్నా, మీ పేరున సొంతంగా ఒకటి ఉండాల్సిందే.

2. అడ్రస్ మార్పించండి, జోన్ చూసుకోండి

చాలామందికి తెలియని విషయం ఇది. చాలా కంపెనీలు దేశాన్ని జోన్లుగా విడగొట్టి, చిన్న ఊళ్లకు తక్కువ ప్రీమియం, పెద్ద నగరాలకు ఎక్కువ ప్రీమియం పెడతాయి. తక్కువ జోన్ ప్రీమియం కట్టి పెద్ద నగరంలో చికిత్స చేయించుకుంటే, కొన్ని పాలసీల్లో బిల్లులో కొంత శాతం మీరే కట్టాలి. దీన్నే కో-పే అంటారు. 20 శాతం కో-పే ఉంటే 4 లక్షల బిల్లులో 80 వేలు మీ జేబులోంచి పోతాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు నగరంలోనే ఉండేట్టయితే, ప్రీమియం కాస్త పెరిగినా సరే, అడ్రస్ మార్పించుకోవడమే మేలు.

గది అద్దె పరిమితి కూడా చూడండి. 5 లక్షల పాలసీలో గది అద్దెకు 1 శాతం అని ఉంటే రోజుకు 5 వేలే ఇస్తారు. మీరు 10 వేల గదిలో చేరితే అద్దెలో తేడా కట్టి ఊరుకుందామంటే కుదరదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీల్లాంటివి కూడా అదే లెక్కన సగానికి తగ్గిస్తారు. ఊళ్లో ఎప్పుడూ అడ్డురాని ఈ నిబంధన నగరంలో మొదటి బిల్లుతోనే బయటపడుతుంది.

3. కొత్త ఇంటి దగ్గరి ఆసుపత్రుల సంగతి తెలుసుకోండి

అర్ధరాత్రి అవసరమొస్తే ఎక్కడికి వెళ్తారో ఆ రెండు మూడు ఆసుపత్రులు మీ కంపెనీ నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్నవాటిలో, ఉన్నాయా? వెబ్‌సైట్‌లో చూడటంతో ఆగకండి, ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూడా అడగండి. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రుల్లోనూ క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) ఇచ్చే ఏర్పాటు 2024 జనవరిలో మొదలైంది. అలాంటి ఆసుపత్రిలో ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలపాలి. అయితే ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి కాబట్టి, నెట్‌వర్క్ ఆసుపత్రికే మొగ్గు చూపండి.

4. పాలసీ నచ్చకపోతే పోర్ట్ చేయండి

కొత్త ఊళ్లో మీ కంపెనీ సేవలు బాగాలేకపోతే పాలసీ మానేసి ఇంకోటి కొనొద్దు. పోర్ట్ చేసుకుంటే, అంటే అదే పాలసీని ఇంకో కంపెనీకి మార్పించుకుంటే, అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ మీ ఖాతాలోనే ఉంటుంది. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. కొత్త పాలసీలు 65 ఏళ్ల వయసు దాకా ఇస్తే చాలన్న పాత నిబంధన 2024 ఏప్రిల్ నుంచి లేదు. అయినా ఆరోగ్యం చూసి కాదనే హక్కు కంపెనీకి ఉంది. అందుకే కొత్త కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా పాతదాన్ని ఆపకండి. మీకున్న జబ్బులన్నీ దరఖాస్తులో రాయండి, ఏజెంటు వద్దన్నా సరే.

5. డెబ్బై నిండితే వయ వందన కార్డు

ఆదాయంతో సంబంధం లేకుండా 70 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకు ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అందించే ఏర్పాటు 2024 అక్టోబర్‌లో మొదలైంది. దీనికిచ్చేదే వయ వందన కార్డు. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ లాంటివి ఉన్నవాళ్లు రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది, ఓపీ చూపించుకోవడానికి కాదు. మీరుండే చోట ఎలా అమలవుతోందో 14555 నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి.

6. అమెరికా వెళ్తున్నారా?

ఇక్కడి పాలసీ మామూలుగా భారత్‌లో చికిత్సకే పనికొస్తుంది. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు అక్కడి మెడికేర్ (వృద్ధులకు అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) వర్తించదు. కాబట్టి విజిటర్స్ ఇన్సూరెన్స్ విడిగా కొనాలి. వీటిలో ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకం చవకగా ఉంటుంది కానీ, ఒక్కో చికిత్సకు ఇంతే అని పరిమితి పెడతారు. అక్కడి బిల్లులకు అది ఏ మూలకూ చాలదు. ఒక్కో చికిత్సకు కాకుండా పాలసీ మొత్తానికి పరిమితి ఉండే కాంప్రహెన్సివ్ రకమే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బు ఉన్నట్టుండి ప్రమాదకరంగా మారితే ఎంత ఇస్తారు, ఏ వయసు వరకు ఇస్తారు అన్నది కొనేముందే పిల్లల చేత చదివించండి. మామూలు షుగర్ చెకప్‌లకు ఇది ఉపయోగపడదు.

గ్రీన్‌కార్డు మీద వెళ్తే లెక్క వేరు. అక్కడి ప్రభుత్వ బీమా మార్కెట్‌ప్లేస్‌లో దొరికే ప్లాన్ కొనుక్కోవచ్చు. 65 దాటినవాళ్లు మెడికేర్‌ను డబ్బు కట్టి తీసుకోవాలన్నా సాధారణంగా అయిదేళ్లు వరుసగా అక్కడ ఉండాలి.

అమెరికాలో ఉన్నామని ఇక్కడి రెన్యువల్ మానేయడం చాలా ఇళ్లలో జరిగే పని. దయచేసి అలా చేయకండి. గడువు దాటాక 30 రోజులు వెసులుబాటు ఉన్నా, ఏడాదికోసారి కట్టే పాలసీకి ఆ రోజుల్లో కవరేజ్ ఉండదు. అదీ దాటితే కూడబెట్టుకున్న ఏళ్లన్నీ పోతాయి. ఇక్కడి సిమ్ అక్కడ పనిచేయక మెసేజ్‌లు అందకపోవచ్చు, అందుకని పాలసీలో పిల్లల ఈమెయిల్ కూడా రాయించండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు కాబట్టి కట్టే భారం కొంత తగ్గింది.

7. క్లెయిమ్ ఆపితే

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. అక్కడ న్యాయం జరగకపోతే బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, లేదా 155255 నంబరుకు ఫోన్ చేయండి. ఆపైన బీమా వివాదాలు తేల్చే అధికారి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, హైదరాబాద్‌లోనూ కార్యాలయం ఉంది. 50 లక్షల దాకా వివాదాలు వింటారు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, కంపెనీతో నడిచిన ఉత్తరాలు దగ్గరుంటే చాలు. వాటిని ఎప్పటికప్పుడు ఫొటో తీసి ఫోన్‌లో, పిల్లల ఫోన్‌లో దాచుకోండి.