పాత క్యాంపర్ వ్యాన్‌ని మనమే చూసుకుందాం – 5వ పాఠం: షాక్ అబ్జార్బర్లు ఎంచుకోవడం, సర్దడం

కిందటి పాఠంలో, నీళ్లూ గ్యాసూ సామానూ అన్నీ ఎక్కించి వ్యాన్‌ని తూకం వేయించమన్నాను. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా. ఆ రెండు అంకెలు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకుని ఈ పాఠం చదవండి. అది లేకుండా షాక్స్ కొనడమంటే కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడమే.

వెనక భాగం కుంగిందని షాక్స్ మార్పించేవాళ్లు చాలామంది ఉన్నారు. డబ్బు ఖర్చవుతుంది, వ్యాన్ మాత్రం అలాగే కుంగి ఉంటుంది. ఎందుకంటే బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఊగుతూ ఉండిపోకుండా ఆపడమే షాక్ పని. లోపల పిస్టన్ కదిలినప్పుడల్లా ఆయిల్ సన్నటి వాల్వుల్లోంచి దూరి పోవాలి. అక్కడ పుట్టే అడ్డు ఊపుని వేడిగా మారుస్తుంది. కాబట్టి కమాను పట్టీలు గానీ, కాయిల్ స్ప్రింగులు గానీ అలిసిపోయి ఉంటే ముందు వాటి సంగతి చూడండి.

షాక్స్ పోయాయో లేదో తెలుసుకోవడానికి బంపర్ నొక్కి వదలడం చిన్న కార్లకు కొంత పనికొస్తుంది. బరువైన క్యాంపర్‌ని చేత్తో అంత లోతుకి నొక్కలేం, అందుకే ఆ పరీక్షను నేను నమ్మను. టైరు చూడండి. ట్రెడ్ మీద వరసగా చిన్న గిన్నెల్లాంటి గుంటలు పడితే ఆ చక్రం రోడ్డు మీద గెంతుతోందని అర్థం. షాక్ ఒంటి మీద పల్చగా దుమ్ము పట్టిన ఆయిల్ తడి ఉంటే భయం లేదు, కారుతుంటే మాత్రం మార్చాల్సిందే. మార్చినప్పుడు ఒకే ఇరుసుకి రెండు పక్కలా కలిపి మార్చండి.

ఇక ఎంపిక. సరుకు వ్యాన్ సగం రోజులు ఖాళీగా తిరుగుతుంది. క్యాంపర్‌కి ఆ విశ్రాంతి లేదు. మంచం, అలమరలు, నీళ్ల ట్యాంకు ఏడాది పొడుగునా దాని మీదే ఉంటాయి. వంద లీటర్ల నీళ్లంటేనే వంద కిలోలు. పైగా ఎత్తున అలమరలు ఉండటం వల్ల మలుపులో ఒరిగేది ఎక్కువ. అందుకే అదే మోడల్ సరుకు వ్యాన్‌కి ఇచ్చే మామూలు షాక్ తీసుకోకుండా, క్యాంపర్ బరువుకని తయారుచేసినది అడగండి. స్ప్రింగ్‌కి అదనపు పట్టీ వేయించి ఉన్నా, ఎయిర్ బెల్లోస్ (స్ప్రింగ్‌కి సాయంగా ఉండే గాలి తిత్తులు) పెట్టించి ఉన్నా ఆ మాట ముందే చెప్పాలి. గట్టి స్ప్రింగ్ నొక్కుకున్నాక అంతే గట్టిగా వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుని ఆపే బలం షాక్‌కి ఉండాలి.

రెండు గొట్టాల షాక్, ఒకే గొట్టం షాక్ అని రెండు రకాలున్నాయి. ఒకే గొట్టంలో నైట్రోజన్ ఎక్కువ ఒత్తిడిలో, ఆయిల్‌తో కలవకుండా విడిగా ఉంటుంది. వేడి త్వరగా బయటికి పోతుంది, కాబట్టి గతుకుల్లో చాలాసేపు నడిపినా పట్టు అంతగా తగ్గదు. కానీ రాయి తగిలి గొట్టం సొట్టపడితే పిస్టన్ పట్టేస్తుంది. మట్టి దారుల్లో ఎక్కువ తిరిగేవాళ్లకు నేను తక్కువ ఒత్తిడి గ్యాస్ ఉన్న రెండు గొట్టాల రకమే చెబుతాను. పూర్తిగా సాగినప్పుడు, పూర్తిగా ముడుచుకున్నప్పుడు షాక్ పొడవెంతో కూడా సరిచూడండి. వ్యాన్ కిందికి కుదేలైనప్పుడు ముందు తగలాల్సింది రబ్బరు బంప్ స్టాప్, షాక్ అడుగు కాదు.

బిగింపులో రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకు పోతాను. చాలా బళ్లలో ఇరుసు మరీ కిందికి వేలాడకుండా ఆపేది షాకే. అందుకని బండిని స్టాండ్ల మీద నిలిపి, ఇరుసు కింద జాకీ ఆనించాకే బోల్టు విప్పండి. రబ్బరు బుష్‌లున్న బోల్టుల చివరి బిగింపు మాత్రం చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే చేయండి. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడుతుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. నా మొదటి వ్యాన్‌కి ఇలాగే జరిగింది. ఆ టకటక చప్పుడు ఎక్కడిదో వెతకడానికి వారాలు పట్టింది. ముందు చక్రాలకు స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఒకటిగా ఉండేది) ఉన్న బళ్లలో ముడుచుకుని ఉన్న స్ప్రింగ్ ప్రాణాంతకం. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే పనిముట్టు), అనుభవం లేకపోతే ఆ పని మెకానిక్‌కి వదిలేయండి.

సర్దుబాటు ఉన్న షాక్స్‌లో సాధారణంగా మన చేతికొచ్చేది రీబౌండ్, అంటే నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి సాగేటప్పుడు ఉండే అడ్డు. కోనీ కంపెనీ వాళ్ల పాత తరహా వాటిలో షాక్ విప్పి, పూర్తిగా నొక్కి, రాడ్‌ని నెమ్మదిగా తిప్పాలి. ఏ పక్కకి తిప్పాలో షాక్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది. బలవంతంగా తిప్పకండి.

అన్నిటికన్నా మెత్తని దగ్గర మొదలుపెట్టండి. మీకు బాగా తెలిసిన ఒక రోడ్డు, ఒకే వేగం, అదే సామాను, అదే టైరు గాలి. ఒక స్పీడ్ బ్రేకర్ దాటాక బండి మళ్లీ మళ్లీ ఊగితే రెండు పక్కలా సమానంగా అర చుట్టు గట్టి చేయండి. ఒక్కసారి లేచి కుదురుకుంటే చాలు, అక్కడ ఆపండి. ఇంకొంచెం గట్టిగా ఉంటే ఇంకా బాగుంటుందేమో అనిపిస్తుంది. అక్కడే చాలామంది పొరబడతారు. రీబౌండ్ మరీ బిగిస్తే వరస గతుకుల మీద చక్రం ఒక గతుకు దాటి పూర్తిగా కిందికి దిగేలోపే ఇంకో గతుకు వచ్చేస్తుంది. బండి గతుకు గతుక్కీ కుంగుతూ పోయి, చివరికి బంప్ స్టాప్ మీద కొట్టుకుంటుంది. స్ప్రింగ్ మెత్తబడిందనుకుని మనం ఇంకా బిగిస్తాం. ఈ లక్షణం కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి రండి.

వచ్చే పాఠం యాంటీ రోల్ బార్ గురించి, అంటే మలుపులో బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ. అప్పటికి అదే రోడ్డు మీద మూడు సెట్టింగుల్లో నడిపి, ఒక్కోదానికి బండి ఎన్నిసార్లు ఊగిందో మీ తూకం కాగితం వెనకే రాసిపెట్టుకోండి.