ట్యాంకులోకి దిగే ముందు: మండే గ్యాస్ విషయంలో జాగ్రత్తలు

ఓడ ట్యాంకులోనో డబుల్ బాటమ్‌లోనో (ఓడ అడుగున రెండు పొరల మధ్య ఖాళీ) పనంటే ముందు గ్యాస్ మీటర్, తర్వాతే మనిషి. వాసన రాలేదు కదా అని దిగొద్దు.

- మొదట ఆక్సిజన్ చూడాలి. 19.5 శాతం కన్నా తక్కువుంటే దిగకూడదు. పైగా ఆక్సిజన్ తగ్గిన చోట మండే గ్యాస్ రీడింగ్‌ను కూడా నమ్మలేం.

- తర్వాత మండే గ్యాస్. ఎల్ఈఎల్‌లో (గ్యాస్ అంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదు) 10 శాతం చేరితే పని ఆపి, అందరూ బయటికి రావాలి. మ్యాన్‌హోల్ దగ్గర ఒక్క రీడింగ్ తీసి సంతకం పెట్టేస్తే కుదరదు. ఎల్‌పీజీ, థిన్నర్ ఆవిరి గాలి కన్నా బరువు. అవి అడుగున, ఫ్రేముల మధ్య మూలల్లో పేరుకుంటాయి. మీటర్ గొట్టం కిందిదాకా దింపి పైన, మధ్యలో, అడుగున చూడాలి. రీడింగ్ నిలకడగా వచ్చేదాకా ఆగాలి.

- కటింగ్ హోసులు (ఇనుము కోసే టార్చికి గ్యాస్ తెచ్చే గొట్టాలు): అసలు గొడవంతా ఇక్కడే. భోజనానికి వెళ్తూ టార్చి వాల్వు కట్టేసి హోసును లోపలే వదిలేస్తారు. చిన్న లీకున్నా చాలు, గంటలో ట్యాంకు నిండా గ్యాసే. అసిటిలీన్ గాలిలో 2.5 శాతం ఉన్నా అంటుకుంటుంది. బ్రేక్ పది నిమిషాలైనా సరే, సరఫరా బయటే కట్టేసి హోసు పైకి లాగేయండి.

- గాలి కోసం ఆక్సిజన్ వదలొద్దు, ఎంత ఉక్కగా ఉన్నా. బట్టలు కూడా భగ్గుమంటాయి. బ్లోయర్ పెట్టండి.

- అడుగున బురద, తుప్పు గీకితే గ్యాస్ మళ్లీ లేస్తుంది. మీటర్ ఆన్‌లోనే ఉండాలి.

- పక్క ట్యాంకులో పెయింటింగ్ జరుగుతోందా? అడిగి తెలుసుకోండి.

- పేలుడు రక్షణ ఉన్న లైట్లే. ఫోన్ బయటే.

- మ్యాన్‌హోల్ దగ్గర కాపలా మనిషి కదలకూడదు. లోపల ఎవరైనా పడిపోతే తను దిగకుండా రెస్క్యూ టీమ్‌ను పిలవాలి.