సీజన్‌కు ముందు పడవ, పాఠం 3: నీటి కింద తిరిగే భాగాలు

పోయిన పాఠంలో పడవ అడుగు కడిగి, పగుళ్లూ బుడిపెలూ చూసుకున్నాం. ఈసారి వెనక్కి, మోటారు దగ్గరికి వెళదాం. మూత కింద ఉండే ఇంజిను సంగతి వచ్చే పాఠానికి వదిలేయండి. ఈ పాఠం నీళ్లలో మునిగి ఉండే కింది భాగం గురించి: గేర్లు ఉండే పెట్టె, అంటే గేర్‌కేసు, ప్రొపెల్లర్, నీళ్ల పంపు, వాటికి కాపలాగా బిగించిన జింకు ముక్కలు. నేను చెప్పేదంతా పడవ వెనక బయటివైపు తగిలించే ఔట్‌బోర్డ్ మోటారుకు. కొలతల దగ్గర, బిగువు దగ్గర మీ మోటారుతో వచ్చిన పుస్తకం ఏది చెబితే అదే ఖరారు.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. సీజను వస్తోందనగానే విడిభాగాలన్నీ కొనేసి, పాతవి పీకి పారేసి, కొత్తవి బిగించేయడం చాలామందికి అలవాటు. అలా చేయకండి. పోయిన సీజనంతా నీళ్ల కింద ఏం జరిగిందో చెప్పేది ఆ పాత ముక్కే. ముందు విప్పండి, వెలుతురులో పెట్టి చూడండి, ఆ తర్వాత ఏం కొనాలో రాసుకోండి.

చెయ్యి పెట్టే ముందు ఇంజినును ఆపేసే కిల్ స్విచ్ క్లిప్పు తీసేయండి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి, స్పార్క్ ప్లగ్ క్యాపులు లాగేయండి. మోటారు గేరులో ఉంటే ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పినా పైన ఇంజిను తిరుగుతుంది. చిన్న ఇంజిను అలా తిరిగి అంటుకుంటే వేళ్లు మిగలవు.

గేర్ ఆయిల్

అన్నిటికన్నా ముందు ఈ పని ఎందుకంటే, చెడ్డ కబురేదైనా ఉంటే ఇక్కడే తెలుస్తుంది. నీరు లోపలికి రాకుండా ఆపే సీలు పోయిందని తేలితే మెకానిక్ దగ్గర రోజులు పడతాయి. ఆ సంగతి పడవ నీళ్లలోకి దించే ముందురోజు తెలిసి లాభం లేదు.

మోటారును నిలువుగా దించి, గేర్‌కేసు కింద ఒక తెల్ల డబ్బా పెట్టండి. రంగు తెలియాలంటే డబ్బా తెల్లగానే ఉండాలి. గేర్‌కేసుకు రెండు స్క్రూలుంటాయి, ఒకటి కింద, ఒకటి పైన. ముందు కింది స్క్రూను మెల్లగా వదులు చేసి, మొట్టమొదట కారే చుక్కల మీదే కన్నుంచండి. నూనె కన్నా నీరు బరువు కాబట్టి, మోటారు చాలాకాలం కదలకుండా ఉంటే లోపలికి చేరిన నీరు అడుక్కి దిగి ఉంటుంది, ముందు అదే బయటికొస్తుంది. చూశాక పై స్క్రూ కూడా తీసేయండి. గాలి ఆడి నూనె సాఫీగా కారిపోతుంది.

నూనె నల్లబడి వస్తే కంగారు అక్కర్లేదు, వాడిన నూనె అలాగే ఉంటుంది. పాలు కలిపిన కాఫీలా వస్తే మాత్రం నీరు నూనెతో కలిసి చిలికినట్టు లెక్క. కొన్ని మోటార్లలో కింది స్క్రూకి అయస్కాంతం ఉంటుంది. దాని కొసన మెత్తటి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉండటం మామూలే. అది వేళ్ల మధ్య నలిపితే నున్నగా జారాలి. గుచ్చుకునే రేకులు తగిలాయంటే గేరు పళ్లు అరుగుతున్నాయి. అలాంటప్పుడు కొత్త నూనె పోసి సరిపెట్టుకోవద్దు, గేర్‌కేసు విప్పించి చూపించండి.

నీరు కనబడిందా, ముందు అనుమానించాల్సింది స్క్రూల కింద ఉండే చిన్న వాషర్లను. పోయినసారి పాతవే మళ్లీ వేసి ఉంటే తప్పు అక్కడే ఉండొచ్చు. వాషర్లు బాగానే ఉంటే అనుమానం ప్రొపెల్లర్ షాఫ్టు సీలు మీదికి మళ్లుతుంది. గేర్‌కేసులోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో పట్టే పరీక్ష ఉంది, అది మెకానిక్ చేత చేయించడమే మేలు. గడ్డకట్టే చలి ఉండే చోట ఇంకో ప్రమాదం ఉంది. లోపల మిగిలిన నీరు మంచుగా మారి ఉబ్బితే గేర్‌కేసే పగులుతుంది. అలాంటి చోట ఈ పని సీజను మొదట్లో కాక సీజను ముగిసిన వెంటనే చేసుకోవాలి.

కొత్త నూనెను పైనుంచి పోయకూడదు. గాలి బుడగ చిక్కుకుని నూనె నిండినట్టు కనిపిస్తుంది కానీ నిండదు. చేతిపంపుతో కింది రంధ్రంలోంచి ఎక్కించండి. పై రంధ్రంలోంచి బుడగల్లేకుండా నూనె పొర్లేదాకా కొట్టాలి. అప్పుడు పై స్క్రూను కొత్త వాషరుతో ముందు బిగించండి. ఆ తర్వాతే పంపు లాగి, చటుక్కున కింది స్క్రూ పెట్టండి. పైది మూసి ఉంది కాబట్టి ఈలోపు ఒకటి రెండు చుక్కలకు మించి కారదు. ఎంత నూనె పట్టిందో పుస్తకంలోని లెక్కతో పోల్చుకోండి, బాగా తక్కువ పడితే లోపల గాలి ఉందనే అర్థం. సాధారణంగా 100 గంటలకోసారి, లేదా ఏడాదికోసారి, ఏది ముందైతే అప్పుడు మారుస్తారు. కారు గేర్ ఆయిల్ వాడకండి. నీటిని తట్టుకునేలా మెరైన్ గేర్ ఆయిల్‌ను వేరే తయారుచేస్తారు.

ప్రొపెల్లర్

నట్టు తిప్పేటప్పుడు రెక్క తిరక్కుండా, రెక్కకూ పైనున్న పలకకూ మధ్య ఒక చెక్కముక్క అడ్డం పెట్టండి. నట్టును పట్టి ఉంచే పిన్ను విప్పాక మళ్లీ పనికిరాదు, కొత్తది వేసుకోవాలి. విప్పిన వాటిని ఒక గుడ్డ మీద వరసగా పరిచి ఫోటో తీసుకోండి: నట్టు, వాషరు, స్పేసరు, ప్రొపెల్లర్, చివర థ్రస్ట్ వాషరు. ఈ ఆఖరిది ఒక్కోసారి గ్రీజుతో షాఫ్టుకే అంటుకుని ఉంటుంది, ఒక్కోసారి ప్రొపెల్లర్‌తో పాటు ఊడి పడిపోతుంది. అది లేకుండా బిగిస్తే ప్రొపెల్లర్ వెళ్లి గేర్‌కేసును ఒరుసుకుంటుంది.

ఇప్పుడు షాఫ్టు మొదట్లో, సీలు దగ్గర టార్చి వేసి చూడండి. చేపల గాలం దారం చుట్టుకుని ఉందేమో వెతకండి. పారదర్శకంగా ఉంటుంది కనుక ఓ పట్టాన కంటికి ఆనదు, గోటితో గీకితే తెలుస్తుంది. తిరిగే కొద్దీ అది బిగుసుకుని, వేడెక్కి, సీలు పెదవిని కోస్తుంది. నూనెలో నీరు కనబడిన మోటారులో ఇక్కడ దారం దొరికిందంటే దొంగ దొరికినట్టే. దారం తీసేసినంత మాత్రాన కోసుకుపోయిన సీలు అతుక్కోదు, మార్చాల్సిందే.

రెక్కల అంచుల్లో చిన్న గంట్లుంటే ఆకురాయితో నున్నగా రుద్దుకోవచ్చు. వంకర ఉందో లేదో తెలియాలంటే, ప్రొపెల్లర్ తిరిగి బిగించాక ఒక పుల్లను రెక్క కొసకు దాదాపు తగిలేలా నిలబెట్టి, మెల్లగా తిప్పండి. ఒక రెక్క పుల్లకు దూరంగానో తగులుతూనో వెళితే అది వంగింది. సుత్తితో మీరే సరిచేయబోకండి, రెక్క వాలు పాడైతే మోటారంతా అదురుతుంది. ఎక్కువ ప్రొపెల్లర్ల మధ్యలో దెబ్బను పీల్చుకునే రబ్బరు పొర ఉంటుంది. ఆ రబ్బరుకు అటూ ఇటూ ఉన్న లోహం మీదుగా పెయింటు పెన్నుతో ఒక గీత గీయండి. ఏదో ఒకరోజు ఇంజిను అరుస్తున్నా పడవ కదలకపోతే ఆ గీత చూడండి. రెండు ముక్కలుగా పక్కకు జరిగి ఉంటే రబ్బరు జారుతోందన్నమాట. షాఫ్టు గాళ్లకు నీటికి కొట్టుకుపోని గ్రీజు రాసి, చివరి పరీక్ష అయ్యాకే ఖాయంగా బిగించేయండి.

జింకు ముక్కలు

వీటిని అందరూ జింకులనే అంటారు కానీ జింకు, అల్యూమినియం, మెగ్నీషియం మూడింటితోనూ చేస్తారు. రెండు రకాల లోహాలు ఒకదానికొకటి తగులుతూ నీళ్లలో ఉంటే, వాటి మధ్య సన్నగా కరెంటు పారి బలహీనమైనది కరిగిపోతుంది. గేర్‌కేసు కరగకుండా దానికన్నా త్వరగా కరిగే ముక్కను కావాలని బలి ఇస్తున్నాం, అంతే.

దీని వెనక మంచి కథ ఉంది. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకి రాగిరేకు కొట్టించింది. చెక్కను తొలిచే పురుగూ, నాచూ రాకుండా ఉంటాయని. 1763లో చూస్తే రేకు చాలా చోట్ల ఊడిపోయి ఉంది. పట్టి ఉంచిన ఇనుప మేకులు తినేయబడ్డాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. రేకులు చుట్టి వచ్చిన ఖాకీ కాగితం తీసేయకుండా కొట్టినచోట, ఆ కాగితం మేకుకూ రాగికీ మధ్య చిక్కుకుపోయి ఉంది. రాగి తగలని మేకు బతికింది. 1824లో హంఫ్రీ డేవీ ఇదే లెక్కను తిరగేసి, రాగిని కాపాడటానికి ఇనుము, జింకు ముక్కలు బిగించి చూశాడు. రాగి కరగడం ఆగింది. ఆగేసరికి అడుగంతా గవ్వలూ నాచూ పట్టి ఓడలు నెమ్మదించాయి, ఎందుకంటే కొద్దికొద్దిగా కరిగే రాగే వాటిని దూరం పెడుతూ వచ్చింది. ఇప్పటి పడవలకూ ఈ రెండు సంగతులూ వర్తిస్తాయి. జింకు ముక్క లోహానికి నేరుగా తగలకపోతే పనిచేయదు. రాగి కలిపిన పెయింటును అల్యూమినియం గేర్‌కేసు మీద వేస్తే మీరే దాన్ని తినిపించినట్టు.

ఇక మీ జింకును చూడండి. సగం కరిగి ఉంటే దాని పని అది చేసింది, మార్చేయండి. ఒక్క సీజనులోనే పూర్తిగా మాయమైతే ఎక్కడో కరెంటు లీకవుతూ ఉండొచ్చు. పడవలోని వైరింగూ, రేవులో తగిలించుకునే కరెంటు కనెక్షనూ ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. అసలేమీ కరగకుండా కొత్తదానిలా ఉంటే సంతోషించకండి. ఎవరో దానికి పెయింటు వేసి ఉండాలి, లేదా బోల్టు కింద తుప్పు పేరుకుని ఉండాలి, లేదా నీటికి తగని లోహమై ఉండాలి. ఉప్పునీటికి జింకు గానీ అల్యూమినియం గానీ వాడతారు. మంచినీటిలో జింకు మీద పెచ్చు కట్టి ముక్క మొద్దుబారిపోతుంది. అక్కడ మెగ్నీషియం, లేదా అల్యూమినియం. మెగ్నీషియాన్ని ఉప్పునీటిలోకి తీసుకెళితే ఇట్టే కరిగిపోతుంది. కొత్తది బిగించే ముందు రెండు వైపులా లోహం మెరిసేదాకా వైరు బ్రష్‌తో రుద్దండి.

ప్రొపెల్లర్‌కు పైన చిన్న చుక్కాని ఆకారంలో ఉండే ముక్క కొన్ని మోటార్లలో జింకూ అదే, స్టీరింగు ఒక పక్కకు లాగకుండా సరిచేసేదీ అదే. విప్పే ముందు అది ఎంత కోణంలో ఉందో పెన్సిలు గీత పెట్టుకోండి.

నీళ్ల పంపు

లోపల ఉండే రబ్బరు చక్రం పేరు ఇంపెల్లర్. నీరే దానికి కందెన. నీళ్లు లేకుండా ఇంజిను నడిపితే చూస్తుండగానే రబ్బరు కాలిపోతుంది. ‘ఒక్కసారి స్టార్ట్ అవుతుందేమో చూద్దాం’ అని ఒడ్డునే తాళం తిప్పేవాళ్ల కోసం ఈ మాట.

దీనికోసం గేర్‌కేసును మొత్తంగా కిందికి దించాలి. గేరు మార్చే కడ్డీ ఎలా విడివడుతుందో మోటారుకో రకం, పుస్తకం తెరిచి పెట్టుకునే మొదలుపెట్టండి. బయటికి తీసిన ఇంపెల్లర్‌ను బల్ల మీద పెట్టండి. రెక్కలు నిటారుగా లేవకుండా ఒక వైపుకే వంగి ఉండిపోతే, రబ్బరులో పస అయిపోయింది. రెక్కల మొదట్లో సన్నటి పగుళ్లున్నా అంతే. రెక్క ఏదైనా విరిగి ఉంటే కొత్తది వేసి ఊరుకోవద్దు. ఆ ముక్క పైకి ప్రయాణించి ఇంజినును చల్లబరిచే దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది, అన్ని ముక్కలూ చేతికి చిక్కేదాకా వెతకాలి.

కొత్తదాన్ని సబ్బునీళ్లతో తడిపి, షాఫ్టు తిరిగే దిశలో తిప్పుతూ పంపు గిన్నెలోకి దించండి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. ఇంపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే బుల్లి కీ కింద పడితే వెతకడం కష్టం, పని కింద గుడ్డ పరవండి. డ్రైవ్ షాఫ్టు పక్క గాళ్లకు గ్రీజు రాయండి, పై కొసకు వద్దు. అక్కడ పేరుకున్న గ్రీజు గేర్‌కేసును పూర్తిగా పైకి ఎక్కనివ్వదు.

పరీక్ష

గేర్‌కేసు నీటి రంధ్రాలకు గొట్టం కప్పులు తగిలించి, ముందు నీళ్లు వదిలి, తర్వాత ఇంజిను స్టార్ట్ చేయండి. ప్రొపెల్లర్ తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, అతి నెమ్మదైన వేగంలోనే నడపాలి. వెనక చిన్న రంధ్రంలోంచి నీటిధార రావాలి. రాకపోతే వెంటనే ఆపేయండి. పంపును అనుమానించే ముందు ఆ రంధ్రంలో సన్నటి తీగ పెట్టి పొడవండి. ఖాళీగా ఉన్న నెలల్లో పురుగులు మట్టితో గూడు కట్టుకోవడం మామూలే.

ధార బలంగా వచ్చాక ఇంజిను ఆపి, నీళ్లు ఆ తర్వాత కట్టేయండి. వచ్చే పాఠంలో ఇంధనం దారి చూస్తాం. ఈలోపు ట్యాంకులో మిగిలిన పెట్రోలులోంచి కొంచెం గాజు సీసాలోకి తీసి, కదపకుండా ఒక రాత్రి ఉంచండి. అడుగున వేరే పొర ఏర్పడిందా, వాసన ఎలా ఉంది, ఈ రెండూ కాగితం మీద రాసి పెట్టుకోండి.